కాలిప్సో నుంచి సోకా దాకా – పాఠం 3: డోలక్ ఎక్కడ దాక్కుంది?

పోయిన పాఠంలో నెమ్మదిగా నడిచే కాలిప్సోకి, అంటే కరీబియన్ దీవి ట్రినిడాడ్ పాటకి, చప్పట్లు వేశాం. తకిట తకిట తక. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది. అది ఇంకా చేతికి అలవాటు కాకపోతే ఈ పాఠం పక్కన పెట్టి మళ్ళీ అదే చెయ్యండి. తొందరేం లేదు.

ఈసారి ఆ కాలిప్సో నుంచే పుట్టిన సోకా. ఒకటి నుంచి ఎనిమిది దాకా పైకి లెక్కపెట్టండి. పాదం 1 మీద, 5 మీద పడాలి. చప్పట్లు 4 మీద, 7 మీద. 1 మీద చేతులు కదపొద్దు, అక్కడ పాదం చాలు. అంకెలు తికమక పెడితే నోటితో ‘తకిట తకిట తక’ అనుకోండి: రెండో ‘త’కి ఒక చప్పట, మూడో ‘త’కి ఇంకొకటి.

చిక్కంతా 4 దగ్గరే. చప్పట పడీ పడగానే పాదం పడాలి. నాకైతే వారం రోజులు చప్పట 5 మీదికే జారిపోయేది, సోకా కాస్తా భజన అయిపోయేది. అలా జారితే వేగం సగానికి తగ్గించండి. ఇప్పటి ‘పవర్ సోకా’ నిమిషానికి 160 దెబ్బల దాకా పరిగెత్తుతుంది. మనం 60తో మొదలుపెడదాం.

చేతులు సాధనలో ఉండగానే సోకా పుట్టిన కథ వినండి. గార్ఫీల్డ్ బ్లాక్‌మన్ ఆరడుగులు దాటిన మనిషి, పాటగాడిగా పేరు మాత్రం లార్డ్ షార్టీ! పుట్టింది 1941లో, దక్షిణ ట్రినిడాడ్‌లో, చుట్టూ భారతీయ కుటుంబాలున్న పల్లెలో. 1845లో ‘ఫతెల్ రజాక్’ ఓడతో మొదలై 1917 దాకా చెరకు తోటల కూలికి మన దేశం నుంచి జనాన్ని అక్కడికి తరలించారు. ఎక్కువమంది భోజ్‌పురీ వాళ్ళు, కలకత్తా రేవు నుంచి వెళ్ళినవాళ్ళు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. షార్టీ చెవిన చిన్నప్పుడే డోలక్, ధంతాల్ పడ్డాయి. ధంతాల్ అంటే పొడవాటి ఇనుప కడ్డీ. దాన్ని నిలబెట్టి, గుర్రపు లాడం లాంటి ఇనుప ముక్కతో కొడతారు, టింగుటింగుమంటుంది.

1970ల మొదట్లో కాలిప్సో పని అయిపోయిందన్న మాట గట్టిగా వినిపించేది. కుర్రకారు జమైకా సంగీతం రెగే వైపు, అమెరికా నల్లజాతివాళ్ళ సంగీతం సోల్ వైపు మళ్ళారు. షార్టీ 1973లో ‘ఇంద్రాణి’ పాటలో కాలిప్సోని భారతీయ వాయిద్యాలతో కలిపాడు. మెచ్చుకున్నవాళ్ళ కంటే తిట్టినవాళ్ళే ఎక్కువ. కాలిప్సోని పాడు చేస్తున్నాడని ఒకరు, పాటలోని ఇంద్రాణి పేరుతో మా ఆడపిల్లని వెక్కిరించాడని అక్కడి భారతీయులు.

అప్పుడు చేశాడు అసలు పని. వాయిద్యాలు తీసేసి దరువు మాత్రం ఉంచుకున్నాడు. డోలక్ వాయించే దరువుని డ్రమ్ సెట్‌కీ గిటార్‌కీ కీబోర్డుకీ పంచాడు. 1974లో వచ్చిన ‘ఎండ్‌లెస్ వైబ్రేషన్స్’ వింటే డోలక్ కనబడదు, కానీ నడక అదే. ఆ సంగీతానికి అతను పెట్టిన పేరు ‘సోకా’. అందులో ‘సో’ కాలిప్సోది, ‘కా’ భారతీయ దరువుకి గుర్తు. పత్రికలవాళ్ళు Sokah అనే స్పెల్లింగ్‌ని Soca అని మార్చేసరికి అది సోల్, కాలిప్సోల కలయిక అనే అర్థమే జనంలో నిలిచింది. నాకు మాత్రం ఆ పోయిన ‘కా’ మీదే బెంగ.

తర్వాతి ప్రయాణం వేగంగా సాగింది. కరీబియన్‌లోని మాంట్సెరాట్ దీవికి చెందిన ‘ఆరో’ (Arrow) అనే గాయకుడు 1982లో పాడిన ‘హాట్ హాట్ హాట్’ దేశదేశాలు తిరిగింది. 1987లో ద్రుపతీ రామ్‌గూనై అనే గాయని, అక్కడి భారతీయుల ‘చట్నీ’ పాటల్ని సోకాతో కలిపి ‘చట్నీ సోకా’ అంటూ పాడి, షార్టీ దాచిన వాయిద్యాల్ని మళ్ళీ ముందుకు తెచ్చింది. ఇక 1967 నుంచి టొరంటోలో ఏటా జరిగే కరీబియన్ పండగ ఊరేగింపు ఉండనే ఉంది. అక్కడున్న మనవాళ్ళు ఈ దరువు వీధిలోనే నేర్చుకోవచ్చు.

ఇంటిపని: ముందు ‘ఇంద్రాణి’ పెట్టి ధంతాల్ మోతని వేలితో బల్ల మీద అనుసరించండి. తర్వాత ‘ఎండ్‌లెస్ వైబ్రేషన్స్’ పెట్టి, వేలు ఆపకుండా, ఆ మోతని ఇప్పుడు ఏ వాయిద్యం మోస్తోందో రాసుకోండి. ఒకే జవాబు రాదు, ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. వచ్చే పాఠంలో స్టీల్‌పాన్, అంటే నూనె పీపాతో చేసే ట్రినిడాడ్ వాయిద్యం. దానికి చప్పట్లు చాలవు, ఇంట్లో పాత నూనె డబ్బా ఒకటి వెతికి పెట్టుకోండి.