కారు ఎత్తు తగ్గించే ముందు జాగ్రత్తలు

ఎంత దించాలో మన వీధుల స్పీడ్ బ్రేకర్లను చూసి తేల్చుకోండి, ఫొటోలు చూసి కాదు.

విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ జాకీతో కారు ఎత్తకముందే కొలతలు రాసుకోండి. నేల చదునుగా, డిక్కీ ఖాళీగా, టైర్లలో గాలి సరిగా ఉండాలి. చక్రం మధ్య నుంచి ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) అంచు దాకా నాలుగు మూలలా టేపు పట్టండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా లెక్కలోకి వచ్చేస్తుంది.

ఎత్తు తగ్గించడానికి వేసే స్ప్రింగ్ చివర దాని గాడిలో సరిగ్గా కూర్చోవాలి. స్ప్రింగ్‌ను నొక్కిపట్టే కంప్రెసర్ పెట్టకుండా స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగ్ కలిసిన భాగం) పై నట్టు విప్పనివ్వొద్దు, ప్రాణం మీదికొస్తుంది.

అసలు కిటుకు బుష్‌లది, అంటే చక్రాన్ని బాడీకి కలిపే ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలది. కారు గాల్లో ఉండగా ఆర్మ్ బోల్టులు బిగిస్తే, కిందికి దించాక రబ్బరు మెలిపడి ఆ మూలను పైకి నెడుతుంది. చక్రాల మీద బరువు పడ్డాకే చివరి బిగింపు చేయించండి.

బెంజ్ సర్కిల్ దాకా ఓ రౌండు వేసొచ్చి మళ్లీ కొలవండి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) ఆ తర్వాతే.