ఇంద్రియాల ఆకలి – నాలుగో పాఠం: గెంతించి వదిలేయకండి

ఒంటి నుంచి మెదడుకు అందే సమాచారం చాలక ఎప్పుడూ గెంతుతూ, గుద్దుకుంటూ, ఏదో ఒకటి నములుతూ ఉండే పిల్లల అమ్మానాన్నల కోసం ఈ పాఠాలు. ఈసారి నమలడం గురించి చెప్తానన్నాను. చొక్కా కాలర్లు, పెన్సిల్ చివర్లు, దుప్పటి అంచులు, ఆ సంగతి. దాన్ని వెనక్కి నెట్టాల్సి వస్తోంది, ఎందుకంటే పోయిన పాఠం చాలా ఇళ్లలో బెడిసికొట్టింది. కూర్చుని చేసే పని ఏదైనా మొదలుపెట్టే ముందు పిల్లల్ని కాసేపు గెంతించమని రాశాను. మీరు గెంతించారు. కొందరు పది నిమిషాలు, కొందరు అరగంట. గెంతిన పిల్లలు కూర్చోలేదు సరికదా సోఫాలెక్కి దూకారు, గోడలకు వెళ్లి గుద్దుకున్నారు. ఒక పాప రాత్రి పదకొండు దాటినా నవ్వుతూనే ఉందట, అది సంతోషంతో వచ్చే నవ్వు కాదని వాళ్లమ్మకు తెలుస్తూనే ఉందట. ఇంకో నాన్న రాసింది చదివి ఆ రోజంతా మనసు బాగాలేదు. వాళ్ల బాబు ట్రాంపొలిన్ (ఎక్కి గెంతే సాగే గుడ్డ చట్రం) ఎక్కితే దిగట్లేదు, దింపబోతే తన చెయ్యి తనే కొరుక్కుంటున్నాడు.

తప్పు మీది కాదు, నేను సగం పాఠమే రాశాను. గెంతించిన వెంటనే తోయించాలి, లేదా మోయించాలి. మా ఇంట్లో ఇది ఎన్నేళ్ల అలవాటంటే, దీన్ని విడిగా చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. ఆ మిగతా సగమే ఈ పాఠం.

గెంతినప్పుడు ఒంట్లో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కాళ్లు నేలకు తాకిన ప్రతిసారీ మడమల నుంచి నడుము దాకా కీళ్లు నొక్కుకుంటాయి, కండరాలు బిగుస్తాయి. ‘నా కాళ్లు ఇక్కడున్నాయి, నా ఒళ్లు ఇంతవరకే ఉంది’ అన్న సమాచారం మెదడుకు అందేది అక్కడి నుంచే. థెరపిస్టులు దీన్ని ప్రొప్రియోసెప్షన్ అంటారు. ఈ సమాచారం సామాన్యంగా మనిషిని కుదుటపరుస్తుంది. రెండోది, తల పైకీ కిందికీ ఊగుతుంది. లోపలి చెవిలో మూడు అర్ధవృత్తపు నాళాలు, వాటి పక్కనే రెండు చిన్న సంచులు ఉంటాయి. తల ఎటు కదిలినా, తిరిగినా మెదడుకు కబురు వెళ్లేది వాటి నుంచే, ఇది వెస్టిబ్యులార్ వ్యవస్థ. వేగంగా, తీరుతెన్నూ లేకుండా కదిలితే ఇది చాలామంది పిల్లల్లో హుషారును రేపుతుంది. పైగా గిరగిరా తిరిగి ఆగినా నాళాల్లోని ద్రవం వెంటనే ఆగదు, మనం ఆగాక కూడా గది తిరుగుతున్నట్టు ఉండేది అందుకే. అంటే పిల్లవాడు ట్రాంపొలిన్ దిగి మీ ముందు నిలబడ్డాడే, వాడి లోపల ఆట ఇంకా నడుస్తూనే ఉంది. అప్పుడు పుస్తకం ముందు పెడితే ఎలా కూర్చుంటాడు?

అందుకని వరుస ఇది. గెంతడం రెండు మూడు నిమిషాలు, ఆ వెంటనే బరువు పని, అంటే తోయడం, మోయడం లాంటిది, అయిదారు నిమిషాలు, ఆ తర్వాత ఒక నిమిషం గట్టిగా హత్తుకోవడమో, పిల్లలకు ఇష్టమైతే భుజాల మీద నిదానంగా నొక్కడమో, అప్పుడు కూర్చోబెట్టడం. గెంతే సమయం కన్నా బరువు పని సమయం ఎప్పుడూ ఎక్కువ ఉండాలి. నన్ను అడిగితే, మొదటి నెల గెంతడం పూర్తిగా మానేసి బరువు పని ఒక్కటే చేయించినా నష్టం లేదు. ఉయ్యాల ఉంటే ముందుకీ వెనక్కీ నెమ్మదిగా ఊపండి. గిరగిరా తిరగడం మాత్రం పిల్లలే తిరగాలి, వాళ్లే ఆగాలి, మీరు పట్టుకుని తిప్పకండి.

ఇప్పుడు ఒక మాట దగ్గర ఆగాలి. ఇది వింటే నాకు కోపం వస్తుంది, మీ మీద కాదు, మీకు ఆ మాట నేర్పినవాళ్ల మీద. ‘బాగా అలిసిపోయేదాకా ఆడించండి, అలిసిపోతే వాడే కూర్చుంటాడు.’ చుట్టాలు ఇదే అంటారు, పక్కింటివాళ్లు ఇదే అంటారు, బడిలోనూ ఇదే అంటారు. అరగంట గెంతించిన ప్రతి ఇంట్లోనూ వెనక ఉన్నది ఈ ఆలోచనే. పిల్లవాడి లోపల ఏదో అదనపు శక్తి నిండిపోయిందనీ, దాన్ని ఖాళీ చేస్తే చాలనీ అనుకుంటారు. కానీ ఈ పిల్లలు ఎక్కువై బాధ పడట్లేదు, తక్కువై వెతుక్కుంటున్నారు. ఒంటి నుంచి మెదడుకు అందాల్సిన సమాచారం చాలినంత గట్టిగా అందక, దాన్ని గెంతి, గుద్దుకుని, దొర్లి తెచ్చుకుంటున్నారు. ఆకలితో ఉన్నవాణ్ణి పరుగెత్తిస్తే ఆకలి తీరుతుందా? ఈ పాఠాలకు ఇంద్రియాల ఆకలి అని పేరు పెట్టింది అందుకే.

అలసట ఏం చేస్తుందో మీరూ చూసే ఉంటారు. రోజంతా ప్రయాణం చేసి వచ్చిన రోజు పిల్లలు త్వరగా పడుకుంటారనుకుంటాం, ఆ రోజే ఎక్కడలేని పేచీ పెడతారు. పెద్దవాళ్లం మనమే బాగా అలిసిపోయిన రాత్రి చిన్న మాటకు విసుక్కుంటాం. తనను తాను అదుపులో పెట్టుకోవడానికి కూడా ఓపిక కావాలి, మీరు అరగంట గెంతించి ఖాళీ చేసింది ఆ ఓపికనే. నాకు తెలిసిన ఒక నాన్న రోజూ సాయంత్రం కొడుకుతో ముప్పావు గంట పరుగు పెట్టేవాడు. పాపం, ఎంతో శ్రద్ధగా చేసేవాడు. మొదటి వారం బాబు పడుకున్నాడు. మూడో వారానికి ముప్పావు గంట చాలలేదు, గంటంబావు అయ్యింది, నిద్ర మాత్రం అర్ధరాత్రికి జరిగింది. ఆ పరుగు మాన్పించి, చీకటి పడే ముందు ఇంటి పనుల్లో పావు గంట బరువులు మోయించడం మొదలుపెట్టాక వాళ్లిల్లు కాస్త తేరుకుంది. ఇంకో ఇంట్లో పాపను మెట్లు ఎక్కించి దింపేవారు, ఎన్నిసార్లో లెక్క కూడా పెట్టేవారు. లెక్క పెట్టాల్సింది మెట్లను కాదు, పాప ముఖం చూడాలి. ఊపిరి వేగం పెరిగి తగ్గకపోతే, చెవులు ఎర్రబడితే, నవ్వు కీచుగా మారితే, చూపు ఒకచోట నిలవకపోతే ఆపేయండి, అప్పటికే ఎక్కువైంది.

చాలినంత అయిందని ఎలా తెలుస్తుంది? మా వాడితో నాకు తెలిసిన తీరు చెప్తాను. వాడికి అప్పుడు ఆరేళ్లు. తడిబట్టలు నిండిన బుట్టను గది ఈ చివర నుంచి ఆ చివరకు తోసే పని వాడిది. మొదటిసారి బుట్టను తన్నాడు. రెండోసారి తోశాడు గానీ చూపంతా కిటికీ మీదే. నాలుగోసారికి నాలుక కొస బయటికొచ్చింది, కాలివేళ్లు నేలను పట్టుకున్నాయి, రెండు మోచేతులూ సమంగా వంగాయి. ఆరోసారి బుట్ట గోడకు ఆనాక వాడు దాన్ని వదల్లేదు. దాని మీదే వాలి, బుగ్గ తడిబట్టలకు ఆనించి, లోపల ఎప్పటి నుంచో పట్టి ఉంచినంత పెద్ద ఊపిరి ఒకటి వదిలాడు. భుజాలు కిందికి దిగాయి. నేను కావాలని చేయించింది అయిదు నిమిషాల పనే, ఆ తర్వాత వాడు పద్దెనిమిది నిమిషాలు బొమ్మల ముక్కలు పేర్చుతూ కూర్చున్నాడు. అంతకుముందు కూర్చునేది నాలుగు నిమిషాలు. ఆ ఊపిరి కోసం చూడండి. అది వచ్చాక ఇంకోసారి తోయించాలన్న ఆశ పెట్టుకోవద్దు.

బరువు పనికి ఏమీ కొనక్కర్లేదు. గోడకు రెండు చేతులూ ఆనించి ‘గోడను పక్కకు జరుపు’ అనడం, కుర్చీలు జరపడం, పుస్తకాల దొంతర ఒక అలమారా నుంచి ఇంకో దానికి మార్చడం, సగం నిండిన బకెట్టు రెండు చేతులతో మోయడం, దిండ్లు కుప్పగా వేసి వాటి మీద నుంచి పాకడం, నాలుగు కాళ్ల మీద నడవడం. నాకు అన్నిటికన్నా నచ్చేది తడిగుడ్డ పిండించడం. చేతులు, మణికట్లు, భుజాలు అన్నీ పనిచేస్తాయి, పైగా నీళ్లు కారుతుంటే ఎంత పిండాలో పిల్లలకే కనబడుతుంది, మనం చెప్పక్కర్లేదు. దుప్పట్లో చుట్టి దొర్లించడం కూడా మంచిదే, తలా మెడా బయట ఉండాలి, పిల్లలు తమంతట తాము బయటికి రాగలగాలి.

బరువు దుప్పట్లు, అంటే ఒంటి మీద నొక్కినట్టు ఉండేలా కావాలని బరువుగా చేసిన దుప్పట్లు, కొనమంటారా అని చాలామంది అడిగారు. ఆటిజం ఉన్న పిల్లల నిద్ర మీద బ్రిటన్‌లో చేసిన ఒక పరిశోధన 2014లో అచ్చయింది. మామూలు దుప్పటి కన్నా బరువు దుప్పటితో నిద్ర పెరగలేదని తేలింది, అయినా పిల్లలకూ తల్లిదండ్రులకూ బరువు దుప్పటే ఎక్కువ నచ్చింది. కాబట్టి పెద్దగా ఆశ పెట్టుకుని కొనకండి. చిన్నపిల్లలకు, తనంతట తాను దుప్పటి తోసేసుకోలేని పిల్లలకు అసలే వద్దు.

రెండో పొరపాటు ఇంకా కొన్ని ఇళ్లలో జరిగింది, దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. పిల్లవాడు అరిచాక, కొట్టాక తీసుకెళ్లి గెంతించారు. వాడు నేర్చుకున్నది ఒకటే, అరిస్తే ట్రాంపొలిన్ దొరుకుతుందని. ఈ పనులు గడియారం చూసి ఇవ్వండి, అల్లరి చూసి ఇవ్వకండి. పొద్దున పళ్లు తోముకున్నాక, బడి నుంచి రాగానే, చదువుకు ముందు, రాత్రి పడుకునే గంట ముందు. ఇలా రోజు పొడవునా వేళకు ఇచ్చేదాన్నే సెన్సరీ డైట్ అంటారు. అలాగే, చెప్పిన మాట వినలేదని ఆ రోజు తోయడం, మోయడం తీసేయడం కూడా వద్దు. పిల్లవాడు అరవబోతున్నాడని ముందే తెలిస్తే? అప్పుడు నిస్సంకోచంగా ఇవ్వండి, అరుపు రాకముందు ఇచ్చింది బహుమతి అవదు.

ముందుగా డాక్టర్‌ని అడగాల్సినవాళ్లు కొందరున్నారు. డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే ఒక క్రోమోజోమ్ ఎక్కువ ఉండడం) ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని మొదటి రెండు ఎముకల మధ్య కీలు వదులుగా ఉంటుంది. వాళ్లను డాక్టర్ సరేననేదాకా గెంతించకండి, పల్టీలు కొట్టించకండి. మూర్ఛ, గుండె జబ్బు, మరీ వదులు కీళ్లు ఉన్నా అంతే. ఎప్పుడూ లేనిది పిల్లవాడు హఠాత్తుగా తల గోడకేసి కొట్టుకోవడం, చెవి మీద బాదుకోవడం మొదలుపెడితే దాన్ని ఇంద్రియాల ఆకలి లెక్కన వేయకండి. ముందు చెవి, పళ్లు చూపించండి. మాట రాని పిల్లలు నొప్పిని అలాగే చెప్తారు.

ఇదంతా ఎవరు మొదలుపెట్టారని ఒకరు అడిగారు. అమెరికాలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే రోజువారీ పనులు చేసుకోవడంలో సాయపడే థెరపిస్టుగా పనిచేసిన జీన్ ఎయిర్స్ 1972లో సెన్సరీ ఇంటిగ్రేషన్ (ఇంద్రియాల నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు కలిపి వాడుకోవడం) మీద పుస్తకం రాశారు, ఈ ఆలోచనకు మూలం ఆమే. దీన్ని అందరూ ఒప్పుకోరు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2012లో, ఈ థెరపీలకు ఆధారాలు ఇంకా పరిమితమేననీ, వాడి చూడొచ్చు గానీ పనిచేస్తోందో లేదో ముందే గురి పెట్టుకుని కొలవాలనీ చెప్పింది. ఆ మాట నాకు సబబుగా తోచింది. ఒక పిల్లవాడికి కుదిరింది ఇంకొకరికి కుదరదు, బుట్ట తోసి కుదుటపడేవాళ్లూ ఉన్నారు, అదే బుట్టతో రెచ్చిపోయేవాళ్లూ ఉన్నారు. మీ పిల్లలు ఏ రకమో మీరు రోజూ రాసుకునే కాగితమే చెప్పాలి.

అందుకని ఈసారి అభ్యాసం కాస్త కష్టంగానే ఇస్తున్నాను, పది రోజులది. మొదటి మూడు రోజులు కొత్తగా ఏమీ చేయించకండి, రాయండి అంతే. రోజూ ఒకే వేళకు ఒకే పని ముందు కూర్చోబెట్టి, ఎన్ని నిమిషాలు కూర్చున్నారో రాయండి. నాలుగో రోజు నుంచి అదే వేళకు, అదే పనికి ముందు ఆరు నిమిషాల బరువు పని, గెంతడం లేకుండా. ఏం చేయించారు, పెద్ద ఊపిరి వచ్చిందా లేదా, తర్వాత ఎన్ని నిమిషాలు కూర్చున్నారు, ఈ మూడే రాయండి. ‘బాగా ఉన్నాడు’, ‘పర్లేదు’ అని రాయకండి, నిమిషాలు కావాలి. మధ్యలో జ్వరం వచ్చినా, చుట్టాలు వచ్చినా ఆ రోజు కొట్టేసి ఒక రోజు పొడిగించండి. ఏడో రోజుకీ అంకె కదలకపోతే పని మార్చండి, తోయడం బదులు మోయడం, మోయడం బదులు పిండడం. ఎక్కువసేపు చేయించడం మాత్రం వద్దు.

చెయ్యి కొరుక్కుంటున్న బాబు వాళ్ల నాన్నగారూ, మీరు ఈ పది రోజుల్లో ట్రాంపొలిన్ కనబడకుండా తీసేయండి. దింపే గొడవే ఉండకూడదు. ఇల్లు సర్దుతున్నట్టు కుర్చీలతో మొదలుపెట్టండి, మీరు ఒక పక్క పట్టుకోండి, బాబును రెండో పక్క పట్టుకోమనండి. చెయ్యి మీద చర్మం చిట్లితే మాత్రం ఈ పాఠాల కోసం ఆగకండి, డాక్టర్‌కీ మీ థెరపిస్టుకీ వెంటనే చూపించండి.

నమలడం అయిదో పాఠంలో. ఈలోపు మీ పిల్లలు మట్టి, సుద్ద, పెయింటు పెచ్చుల్లాంటివి నమలడమే కాక మింగుతున్నారేమో కూడా గమనించండి. మింగుతుంటే రక్తపరీక్ష చేయించి ఇనుము తక్కువుందేమో, ఒంట్లోకి సీసం చేరిందేమో చూడమని డాక్టర్‌ని అడగండి.