కొర్రమీను కడుపు కోసే ముందు స్కేలు తీయండి

పర్లాకిమిడిలో డిగ్రీ జువాలజీ ప్రాజెక్టుకి చేప సైజు పెరిగితే లోపల పరాన్నజీవులూ పెరుగుతాయా అనే టాపిక్ తీసుకుంటే మొదట తట్టే ఐడియా, బజారులో చేపలు కోసే ఆవిడ దగ్గర పేగులు అడిగి తెచ్చుకోవడం. నేనూ అదే చేశాను. అన్నీ ఒకే బకెట్లో పడ్డాయి, ఏ పేగు ఎంత చేపదో దేవుడికే తెలియాలి, రోజంతా దండగ. అందుకే చేపనే కొనండి, మిగిలింది బాగా ఉడికించి కూర వండుకోవచ్చు (కడుపులో ఏం దొరికిందో మాత్రం ఇంట్లో చెప్పకండి).

ఒకే జాతి, ఒకే చోటు, ఒకే సీజన్. మహేంద్రతనయ నదిలో పట్టినవీ చెరువులో పట్టినవీ కలిపేస్తే తేడా సైజు వల్లో నీళ్ళ వల్లో తేలదు. చిన్న కొర్రమీను అనుకుని మట్టగిడస తెచ్చుకోవడం మామూలే, ఒంటి మీద నల్ల చుక్కలున్నాయేమో చూడండి, ఉంటే అది మట్టగిడసే. జానెడు నుంచి మూరెడు దాకా అన్ని సైజులూ కలిపి ఓ 30 చేపలైనా ఉండాలి. పొడవు మూతి కొస నుంచి తోక మొదలు వరకే కొలవండి, బుట్టలో తోక రెక్క చిరిగిపోతుంది కదా.

ముందు ఒళ్ళు చూడండి, చేప చచ్చాక దాని చర్మాన్ని పట్టుకునే చేపపేను ఎక్కువసేపు అంటిపెట్టుకుని ఉండదు. తర్వాత మొప్పలు ఒక్కో వరసా విడదీసి మైక్రోస్కోపు కింద పెట్టాలి. పేగుని లీటరు నీళ్ళకి 7 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణంలో చీల్చండి. కొర్రమీను పేగులో పాలిసెంటిస్ అనే ముళ్ళతల పురుగు దొరకొచ్చు, తల గోడలో గుచ్చుకుని ఉంటుంది, లాగితే మొండెమే చేతికొస్తుంది, సూదితో మెల్లగా విడిపించి చల్లని మంచినీళ్ళలో వేస్తే కాసేపటికి ముళ్ళతొండం బయటికి చాపుతుంది.

ఇక లెక్క. పెద్ద చేప ఎక్కువ తింటుంది, ఎక్కువకాలం బతికింది, లోపల చోటూ ఎక్కువే, కాబట్టి పురుగులూ ఎక్కువ అని అందరూ రాసేస్తారు. అన్నిటికీ అది కుదరదు. కండలోనో కడుపులోనో గూడు కట్టుకుని ఏళ్ళ తరబడి ఉండే లార్వాలు వయసుతో పోగవుతాయి, నిజమే. మొప్ప పురుగులు మాత్రం నీళ్ళలోంచి నేరుగా అంటుకుంటాయి, కిక్కిరిసిన చెరువులో వేలెడు పిల్లకీ నిండా పట్టొచ్చు. పాలిసెంటిస్ వచ్చేది సైక్లాప్స్ లాంటి నీటిపురుగుల్ని తినడం వల్ల, కొర్రమీను ఎదిగి కప్పల మీద పడ్డాక ఆ దారి మారుతుంది. మరీ పెద్ద చేపల్లో తక్కువ కనబడితే, బాగా పట్టినవి ముందే చచ్చాయేమో అనీ ఆలోచించాలి. అందుకే ఒళ్ళు, మొప్పలు, పేగు దేని గ్రాఫు దానికే గీయండి.

ఏమీ దొరకని చేపనీ సున్నా వేసి రాయాలి, చాలామంది ఎగ్గొట్టేది ఇక్కడే. ఎన్ని రకాలు, మొత్తం ఎన్ని పురుగులు, రెండూ వేరు వేరు. రెండు మూడు చేపల్లోనే పురుగులన్నీ ఉంటే సగటు మోసం చేస్తుంది, స్పియర్‌మన్ ర్యాంకు కోరిలేషన్ (అంకెలకి బదులు వాటి ర్యాంకులతో సంబంధం చూసే లెక్క) వేసుకోండి.

పురుగుల్ని 70 శాతం ఆల్కహాల్‌లో దాచేటప్పుడు చీటీ పెన్సిల్‌తో రాసి సీసా లోపలే వేయండి, పెన్ను ఇంకు కరిగిపోతుంది.