ఇంటర్న్‌షిప్ ముగింపు: కంప్లీషన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు విధానం

హనుమకొండలో విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం, రామగుండంలో ఎన్టీపీసీ, సింగరేణి ఏరియాలు, మడికొండ ఐటీ పార్కు. మన డిప్లొమా, బీటెక్ పిల్లలు ఇంటర్న్‌షిప్ కోసం ప్రయత్నించే చోట్లలో ఇవి కొన్ని. చేరేటప్పుడు అందరూ జాగ్రత్తగానే ఉంటారు. ముగించేటప్పుడే ఆ జాగ్రత్త సడలుతుంది. చివరి రోజు సాయంత్రం నాలుగింటికి సర్టిఫికెట్ అడిగితే "సార్ క్యాంపులో ఉన్నారు, వచ్చే వారం రండి" అనే మాట వినాల్సి వస్తుంది. ఆ తర్వాత ఒక్క సంతకం కోసం భూపాలపల్లి నుంచో మంచిర్యాల నుంచో బస్సెక్కాలి. అందుకే కనీసం రెండు వారాల ముందే దరఖాస్తు పెట్టండి.

ముందు మీరు ఇంటర్నా, అప్రెంటిసా అన్నది చూసుకోండి. నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్ ద్వారా చేరిన గ్రాడ్యుయేట్, డిప్లొమా అప్రెంటిస్‌లు 1961 అప్రెంటిసెస్ చట్టం కిందకు వస్తారు. వాళ్లకు ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ ఇచ్చేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. కంపెనీ లెటర్‌హెడ్ మీద ఇచ్చే కాగితం దానికి బదులు కాదు. కింద చెప్పే పద్ధతి కాలేజీ లెటర్‌తో చేరిన ఇంటర్న్‌ల కోసం.

దరఖాస్తు ఎవరికి పెట్టాలి? మీకు రోజూ పని చెప్పే గైడ్‌కు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టే అధికారం చాలాచోట్ల ఉండదు. మీ పర్మిషన్ లెటర్ కింద ఎవరి సంతకం ఉందో ఆ అధికారి పేరు మీదే రాయండి. ప్రైవేటు కంపెనీలో అయితే హెచ్ఆర్‌కు మెయిల్ చేసి, గైడ్‌కు కాపీ పెట్టండి. ప్రభుత్వ ఆఫీసులో కాగితం గైడ్ సిఫారసుతో సెక్షన్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఆఫీసర్ టేబుల్ మీదకు చేరాలి. మీరు రాయాల్సింది ఇంతే:

"గౌరవనీయులైన అధికారి గారికి, మీ కార్యాలయం ఇచ్చిన ఫలానా నంబరు అనుమతి పత్రం ప్రకారం నేను ఫలానా తేదీ నుంచి ఫలానా సెక్షన్‌లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ఫలానా తేదీతో నా శిక్షణ ముగుస్తుంది. నాకు కంప్లీషన్ సర్టిఫికెట్, రిలీవింగ్ లెటర్ ఇప్పించగలరని మనవి."

దీనికి పర్మిషన్ లెటర్ జిరాక్స్, హాజరు షీట్, గైడ్ సంతకం ఉన్న ప్రాజెక్టు రిపోర్టు, కాలేజీ ఐడీ కాపీ జత చేయండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, వచ్చిన కాగితాలు నమోదు చేసే ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఒకటి ఇచ్చి, రెండో దాని మీద నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. రేపు ఎవరినైనా "నా కాగితం ఎక్కడిదాకా వచ్చింది సార్" అని అడగాలంటే ఆ నంబరే ఆధారం.

ఎక్కువ ఇబ్బంది వచ్చేది పేరు దగ్గరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆఫీసు రిజిస్టర్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు ఖాతాలో ఇంకోలా ఉంటుంది. మెమోలో ఉన్న స్పెల్లింగ్‌ను దరఖాస్తులో పెద్ద అక్షరాలతో రాసి, మెమో కాపీ కూడా జత చేయండి. హాల్‌టికెట్ నంబరు, కాలేజీ పేరు, ప్రాజెక్టు పేరు, మొదలైన తేదీ, ముగిసిన తేదీ కూడా సర్టిఫికెట్‌లో రావాలని ముందే అడగండి. "రెండు నెలలు శిక్షణ పొందారు" అని మాత్రమే రాసి తేదీలు వదిలేస్తే కాలేజీలో అభ్యంతరం పెట్టవచ్చు. ఆఫీసు లెటర్ నంబరు, సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చేతికి తీసుకున్నప్పుడే చూసుకోండి. ఆఫీసర్ ఎదురుగా కాగితం చదవడం మర్యాద కాదేమో అని మొహమాటపడొద్దు. తప్పు అక్కడికక్కడే దొరికితే సెక్షన్‌ వాళ్లకూ పని తగ్గుతుంది.

ఇక నో డ్యూస్, అంటే ఆఫీసుకు మీరు తిరిగి ఇవ్వాల్సింది ఏమీ లేదని తేల్చుకోవడం. గేట్‌పాస్, ఐడీ కార్డు, హెల్మెట్, లైబ్రరీ పుస్తకాలు, ల్యాప్‌టాప్, ఏది తీసుకుంటే అది తిరిగి ఇచ్చి, తీసుకున్నవాళ్లతో సంతకం చేయించుకోండి. ఎన్టీపీసీ ప్లాంటు భద్రత సీఐఎస్ఎఫ్ చూస్తుంది కాబట్టి అక్కడ గేట్‌పాస్ విషయం తేలిగ్గా తీసుకోకండి. డ్రాయింగ్‌లు, వినియోగదారుల వివరాలు పెన్‌డ్రైవ్‌లోకో సొంత మెయిల్‌కో పంపుకోవద్దు. రిపోర్టులో ఫొటోలు పెట్టాలంటే గైడ్ అనుమతి తీసుకోండి. స్టైపెండ్ రావాల్సి ఉంటే, ఏ నెల వరకు వచ్చిందో ఇంకెంత రావాలో అకౌంట్స్ సెక్షన్‌లో అడిగి రాసుకోండి.

తేదీల విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటుంది. మేడారం జాతర రోజుల్లో విద్యుత్ శాఖ సహా చాలా శాఖల సిబ్బంది అక్కడ డ్యూటీలో ఉంటారు. మార్చి నెలాఖరులో అకౌంట్స్ వాళ్లకు ఊపిరాడదు. మీ చివరి రోజు ఆ సమయంలో పడితే ఇంకో వారం ముందుగా కదలండి.

చివరి రోజుకు ఈ పనులన్నీ అయిపోయి ఉండాలి. అప్పుడే ఆ రోజు మనుషుల కోసం మిగులుతుంది. సగంలో ఉన్న పని ఎక్కడిదాకా వచ్చిందో, ఫైళ్లు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో ఒక పేజీలో రాసి గైడ్‌కు ఇవ్వండి. మీ తర్వాత వచ్చే జూనియర్‌ను ఆ సెక్షన్‌ వాళ్లు సంతోషంగా తీసుకోవడానికి ఆ పేజీ చాలా పని చేస్తుంది. "నేను ఇంకా ఏం నేర్చుకోవాలి సార్" అని అడిగి, చెప్పింది రాసుకోండి. ఆఫీసర్‌కే కాదు, మీటర్ రీడింగ్ చూపించిన లైన్‌మన్ అన్నకు, రిజిస్టర్ వెతికిచ్చిన అటెండర్ అక్కకు కూడా పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పి రండి. సర్టిఫికెట్ కోసం ఎవరికీ బహుమతులు ఇవ్వాల్సిన పని లేదు. ఫీజు ఏదైనా ఉందంటే రసీదు అడగండి.

సర్టిఫికెట్ వచ్చాక స్కాన్ చేసి డిజీలాకర్ డ్రైవ్‌లో దాచుకుని, కాపీ మీద సంతకం చేసి కాలేజీ ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ సెల్‌లో ఇవ్వండి. ఒరిజినల్ మీ దగ్గరే ఉంచుకోండి. తర్వాత తప్పు కనబడితే పెన్నుతో దిద్దకండి. ఒరిజినల్, మెమో కాపీ, పాత ఇన్‌వార్డ్ నంబరుతో అదే సెక్షన్‌లో సవరణకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి. సంతకం చేసిన అధికారి బదిలీ అయినా ఫర్వాలేదు, ఆ సీట్లో కొత్తగా వచ్చినవారు ఆఫీసు కాపీ చూసి ఇవ్వవచ్చు.