పురుషుల జిమ్నాస్టిక్స్ జట్టు ఫైనల్: ఐదుగురిని ఎలా ఎంచాలి, ఎవరిని ఎక్కడ దింపాలి

ఒలింపిక్స్ జట్టు ఫైనల్‌లో ఆరు పరికరాలు (ఫ్లోర్, పిడులున్న గుర్రం అంటే పామెల్ హార్స్, రింగ్స్, వాల్ట్, పారలల్ బార్స్, హై బార్), ఒక్కోదాని మీద ముగ్గురు. ముగ్గురి స్కోర్లూ కలుపుతారు, ఏదీ తీసేయరు. అంటే 18 రొటీన్లు (ఒకరు ఒక పరికరం మీద చేసే ప్రదర్శన ఒక రొటీన్), పద్దెనిమిదీ లెక్కలోకే. క్వాలిఫికేషన్ ఇలా ఉండదు. 2024 పారిస్‌లో ఐదుగురి జట్టు నుంచి పరికరానికి నలుగురు దిగారు, పై మూడు స్కోర్లు తీసుకున్నారు. అక్కడ ఒకరు పడినా మిగతా ముగ్గురూ కాచుకోవచ్చు. ఫైనల్‌కు చేరిన 8 జట్లూ మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి, కాచే నాలుగో మనిషి ఉండడు. లైనప్ కట్టేవాళ్ళు క్వాలిఫికేషన్ మొత్తాన్ని చూసి మురిసిపోతే మొదటి పొరపాటు అక్కడే జరుగుతుంది.

టోక్యో ఒలింపిక్స్ ఫైనల్‌లో రష్యా ఒలింపిక్ కమిటీ పేరుతో ఆడిన రష్యా జట్టు 262.500, జపాన్ 262.397. స్వర్ణానికీ రజతానికీ తేడా 0.103. ల్యాండింగ్‌లో ఒక చిన్న అడుగు పక్కకు వేస్తే పోయేది 0.1. లైనప్‌కు ఇంత లెక్క ఎందుకో ఈ రెండు అంకెలే చెబుతాయి.

ముందు పట్టిక వేయండి

అభ్యర్థులందరి పేర్లూ అడ్డంగా, ఆరు పరికరాలూ నిలువుగా రాయండి. ఒక్కో గడిలో మూడు సంఖ్యలు ఉండాలి: డిఫికల్టీ స్కోరు (విన్యాసాలు ఎంత కష్టమైనవో చెప్పేది), పడకుండా చేసినప్పుడు సాధారణంగా వచ్చే మొత్తం, ఎన్నిసార్లు దిగితే ఎన్నిసార్లు పడ్డాడు. మూడోది లేని పట్టిక సగం పట్టికే.

ప్రాక్టీసు హాల్లో వచ్చిన స్కోర్లు రాయకండి. పోటీలో, అదీ వీలైతే అంతర్జాతీయ జడ్జీల ముందు వచ్చినవే తీసుకోండి. సొంత దేశపు జడ్జీల చేయి కాస్త ధారాళంగా ఉండొచ్చు. ఇంకో జాగ్రత్త: 2025లో అమల్లోకి వచ్చిన నియమావళిలో డిఫికల్టీకి లెక్కించే విన్యాసాలు పదికి బదులు ఎనిమిది. అందుకని 2024 నాటి డిఫికల్టీని ఇప్పటిదాని పక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు ఒక్కో రొటీన్‌కు సగటు విలువ కట్టండి. పడితే 1.0 పోతుంది. నష్టం అంతటితో ఆగదు. హై బార్ మీద వదిలిపట్టే విన్యాసంలో బార్ చేతికి అందకపోతే ఆ విన్యాసం విలువే రాదు, దాన్ని ఇంకో విన్యాసంతో కలిపినందుకు వచ్చే కనెక్షన్ బోనస్ ఉంటే అదీ పోతుంది. లెక్క కోసం ఒక పతనానికి 1.5 వేసుకోండి.

ఉదాహరణకు ఒకరి రొటీన్ 14.7, నాలుగుసార్లలో ఒకసారి పడతాడు. సగటు 14.7 లోంచి 0.375 తీస్తే 14.325. ఇంకొకరి రొటీన్ 14.4, ఇరవైసార్లలో ఒకసారి పడతాడు. 14.4 లోంచి 0.075 తీస్తే అదీ 14.325. కాగితం మీద ఇద్దరూ సమానం. కానీ ఆధిక్యంలో ఉన్న జట్టుకు రెండోవాడు కావాలి, ఒక పాయింటు వెనకబడిన జట్టుకు మొదటివాడు కావాలి. ఏ జట్టు ఏ స్థితిలో ఆఖరి పరికరానికి వస్తుందో ముందే ఊహించి ఇద్దరినీ సిద్ధంగా ఉంచాలి.

ఐదుగురి ఎంపిక

వ్యక్తిగత ఆల్ అరౌండ్ (ఆరు పరికరాలూ కలిపిన) మొత్తాల్లో పై ఐదుగురిని తీసుకోవడం తేలిక, తరచూ తప్పు కూడా. చూడాల్సింది ఏ ఐదుగురు కలిస్తే ఆరు పరికరాల మీదా పై మూడు సగటుల మొత్తం ఎక్కువవుతుందో. కంప్యూటర్‌లో ఒక స్ప్రెడ్‌షీట్ చాలు, అన్ని కూర్పులూ వేసి చూడొచ్చు.

నలుగురు ఖాయమయ్యాక ఐదో చోటు దగ్గరే చర్చ వస్తుంది. పామెల్ హార్స్ మీద జట్టులో మూడో స్కోరు 13.2 అనుకుందాం. ఆ ఒక్క పరికరమే చేసే స్పెషలిస్టు 14.8 తెస్తే లాభం 1.6. ఆల్ రౌండరేమో నాలుగు పరికరాల మీద మూడో స్కోరును 0.3 చొప్పున పెంచుతాడు, లాభం 1.2. స్పెషలిస్టునే తీసుకోవాలి. పారిస్‌లో అమెరికా స్టీఫెన్ నెడొరోసిక్‌ను అలాగే పామెల్ హార్స్ ఒక్కదానికే తీసుకెళ్ళింది. ఫైనల్‌లో ఆయన ఆఖరి రొటేషన్‌లో (జట్టు ఒక పరికరం మీద ఉండే వంతు ఒక రొటేషన్) ఆఖరివాడిగా దిగి 14.866 సాధించాడు, జట్టుకు కాంస్యం దక్కింది. 2008 తర్వాత అమెరికా పురుషుల జట్టుకు అదే తొలి ఒలింపిక్ పతకం.

అయితే ఆ లాభానికి ఖర్చు ఉంది. స్పెషలిస్టు ఒక్కదానికే పరిమితమైతే క్వాలిఫికేషన్‌లో మిగతా ఐదు పరికరాలూ ఆ నలుగురే చేయాలి, ఒక్కరికీ విశ్రాంతి ఉండదు. ఫైనల్‌లో 17 రొటీన్లు నలుగురి మీదే పడతాయి. వారిలో ఒకరి భుజమో చీలమండో ఇబ్బంది పెడుతుంటే 0.4 లాభం కోసం ఈ బేరం చేయకండి.

రిజర్వ్‌ను మరిచిపోవద్దు. పారిస్‌కు ముందు చైనా సభ్యుడు సున్ వెయ్ గాయపడగా సూ వెయ్‌దా వచ్చి చేరాడు. ఆఖరి రొటేషన్‌కు ముందు చైనా జపాన్ కన్నా 3.267 ముందుంది. హై బార్ మీద సూ రెండుసార్లు పడ్డాడు, 11.600 వచ్చింది. జపాన్ 259.594, చైనా 259.062. ఆ బరువు ఒక్కడి మీద వేయడం న్యాయం కాదు. రిజర్వ్‌ను ఎంచేటప్పుడే ‘ఫలానా అతను రాకపోతే ఏ మూడు పరికరాల మీద ఖాళీ ఏర్పడుతుంది’ అని ఐదుగురిలో ఒక్కొక్కరికీ రాసి పెట్టుకోవాలి. మొత్తం స్కోరు కొంచెం తక్కువైనా ఆ ఖాళీలు పూడ్చేవాడే సరైన రిజర్వ్.

ఒక పరికరం మీద ముగ్గురి వరస

చిన్న స్కోరుతో మొదలుపెట్టి పెద్ద స్కోరుతో ముగించడం పాత అలవాటు. తీసేసే స్కోరు లేనప్పుడు అది ఒక్కటే చాలదు. మొదట అందరికన్నా నమ్మకమైనవాడిని దింపండి, అతను నిలిస్తే వెనకవాళ్ళ ఊపిరి తేలికపడుతుంది. కష్టమైన రొటీన్‌ను రెండో చోట పెట్టండి. మూడోవాడికి ఒకే పరికరం మీద రెండు రూపాల రొటీన్ వచ్చి ఉండాలి: ఒకటి పూర్తి డిఫికల్టీది, ఇంకొకటి ఒక కనెక్షన్ విడదీసి 0.3, 0.4 తగ్గించినది. ఆ తగ్గించిన రూపాన్నీ పోటీ వేగంతో సాధన చేయించాలి. అలవాటు లేని ‘సులువు’ రొటీన్ మీద పడటం కష్టమైనదాని మీద పడటం కన్నా మామూలే, ఎందుకంటే లయ మారిపోతుంది.

పరికరాల వారీగా

పామెల్ హార్స్, హై బార్, ఈ రెండింటి మీదే జట్లు కూలేది. పామెల్ మీద కాలు గుర్రానికి ఒక్కసారి తగిలినా ఊపు విరుగుతుంది, ఆ ఊపు మళ్ళీ తెచ్చుకునే దారి ఉండదు. కాబట్టి ఇక్కడ పతనాల లెక్కకే ఎక్కువ విలువ ఇవ్వండి.

రింగ్స్ మీద పడటం అరుదు, పాయింట్లు మెల్లగా కారిపోతాయి. శక్తి భంగిమను 2 సెకన్లు ఆపాలి. ఆపకపోతే గుర్తించరు, తక్కువ ఆపితే కోత. కోణం 15 డిగ్రీల లోపు తప్పితే చిన్న కోత, 30 వరకు మధ్యస్థం, 45 వరకు పెద్దది, ఆ పైన విన్యాసం లేనట్టే. 20 డిగ్రీలు వంగే కష్టమైన క్రాస్ (చేతులు రెండు పక్కలకూ చాచి నిలిచే భంగిమ) కన్నా నిటారుగా నిలిచే సులువైన భంగిమ చాలాసార్లు లాభం. వీడియోను నిలిపి కోణం కొలిచి నిర్ణయించండి.

వాల్ట్ విలువ ముందే తెలిసినది, ల్యాండింగ్ ఒక్కటే అనిశ్చితం. ఫ్లోర్ మీద గీత దాటకుండా చూసుకోవాలి, ఒక కాలు దాటితే 0.1, రెండూ దాటితే 0.3. పారలల్ బార్స్ సాధారణంగా జట్లు ఊపిరి పీల్చుకునే చోటు.

పోటీ రోజు

రొటేషన్ మొదలయ్యే పరికరం క్వాలిఫికేషన్ స్థానాన్ని బట్టి వస్తుంది. పారిస్‌లో మొదటి రెండు జట్లు ఫ్లోర్‌తో మొదలై హై బార్‌తో ముగించాయి, ఐదో స్థానంలో వచ్చిన అమెరికా రింగ్స్‌తో మొదలై పామెల్‌తో ముగించింది. అందుకే మధ్యలో స్కోరుబోర్డు స్థానాలు నమ్మకండి. పామెల్ ఇంకా మిగిలిన జట్టు పైకి కనిపిస్తుంది, వాల్ట్ ముందే అయిపోయిన జట్టు కూడా. ప్రత్యర్థి మిగిలిన పరికరాల మీద క్వాలిఫికేషన్‌లో తెచ్చుకున్న స్కోర్లు రాసుకుని, వాటిని కలిపి పోల్చండి.

పచ్చ దీపం వెలిగాక 30 సెకన్లలో మొదలుపెట్టాలి. పడ్డాక తిరిగి ఎక్కడానికీ 30 సెకన్లు ఉంటాయి. ఆ సమయమంతా వాడుకోమని ముందే చెప్పి ఉంచండి, సుద్ద రాసుకుని ఊపిరి తీసుకునే తీరికే రెండో పతనాన్ని ఆపుతుంది.

డిఫికల్టీ తక్కువ ఇచ్చారనిపిస్తే అభ్యంతరం చెప్పొచ్చు. ఎగ్జిక్యూషన్ (ఎంత శుభ్రంగా చేశాడన్న) స్కోరు మీద చెప్పడానికి లేదు, ఇతర జట్ల స్కోరు మీదా లేదు. తర్వాతి జిమ్నాస్టు స్కోరు కనబడేలోపు నోటితో చెప్పాలి, రొటేషన్‌లో ఆఖరివాడి విషయంలో ఒక్క నిమిషమే గడువు. ఆపైన 4 నిమిషాల్లో రాతపూర్వకంగా ఇవ్వాలి. మొదటి అభ్యంతరానికి 300 డాలర్లు, రెండోదానికి 500, మూడోదానికి 1000. కాబట్టి ప్రతి రొటీన్‌కూ అనుకున్న డిఫికల్టీ రాసిన చీటీ కోచ్ చేతిలో ఉండాలి, దిగిన వెంటనే మారినది సరిచేయాలి. 2012 లండన్‌లో ఉచిమురా కోహెయ్ పామెల్ డిస్మౌంట్ (పరికరం దిగే చివరి విన్యాసం) మీద జపాన్ అభ్యంతరం చెప్పింది, 0.7 కలిసింది, నాలుగో స్థానం రజతమైంది. బ్రిటన్ కాంస్యానికి దిగింది, ఉక్రెయిన్ పతకం లేకుండా వెళ్ళింది.