స్కానింగ్‌కు తోడు వెళ్లేవారి పాఠాలు – 3: ఒంటిలోని లోహం, ఒంటిమీది లోహం

ఎమ్మారై, అంటే పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే స్కానింగ్, ఆ గదిలోకి వెళ్లే ముందు రోగి దగ్గర ఏ లోహం ఉందో రాబట్టడం ఈ పాఠంలో నేర్చుకుందాం. చప్పుడు ఆగినంత మాత్రాన యంత్రం ఆగిందనుకోకూడదు. ద్రవ హీలియంలో సుమారు మైనస్ 269 డిగ్రీల చలిలో ఉండే తీగచుట్టలో కరెంటు నిరంతరం తిరుగుతూనే ఉంటుంది కనుక, 1.5 టెస్లా (అయస్కాంత బలానికి కొలమానం) అయస్కాంతం రాత్రింబవళ్లు భూమి అయస్కాంత శక్తికి సుమారు ముప్పైవేల రెట్లు బలంతో ఉంటుంది. 2018లో ముంబయిలో ఆక్సిజన్ సిలిండరుతో ఆ గదిలోకి వెళ్లిన ఒక రోగి బంధువు ప్రాణాలు కోల్పోయారు.

"ఆపరేషన్ ఏమైనా జరిగిందా?" అన్న ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకోవద్దు. నెల్లూరులో మణికట్టు నుంచి గుండెకు స్టెంటు వేయించుకుని రెండో రోజే ఇంటికి వచ్చిన పెద్దాయన దానిని ఆపరేషన్‌గా లెక్కపెట్టరు, లేదనే చెబుతారు. అందుకే తల నుంచి పాదం దాకా ఒక్కో భాగమే అడగండి: మెదడులో రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ పరికరం, ఛాతీలో గుండె కొట్టుకోవడాన్ని సరిచేసే పేస్‌మేకర్, గుండెలో స్టెంటు, గర్భసంచిలో కాపర్ టీ, కాలిలో రాడ్డు. స్టెంట్లలో, టైటానియం రాడ్లలో ఎక్కువ భాగం స్కానింగ్‌కు అడ్డు కావు. పాతకాలపు మెదడు క్లిప్పు మాత్రం కదిలితే రక్తస్రావమవుతుంది. పేస్‌మేకర్ కొత్త రకమైనా స్కానింగ్‌కు ముందు, తర్వాత దాని సెట్టింగులు మార్చాలి. ఏది తగునో తేల్చేది మన జ్ఞాపకం కాదు, కంపెనీ పేరు, మోడల్ నంబరు ఉన్న కార్డు లేదా డిశ్చార్జి కాగితం. ఆరోగ్యశ్రీ కింద వేయించుకున్నా ఆ కాగితం ఇస్తారు. దయచేసి దానిని పారేయకండి.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా అడగవలసింది కంటి గురించి. చీమకుర్తి క్వారీల్లో, రాయి కోసే షెడ్లలో, వెల్డింగ్ షాపుల్లో పనిచేసినవారి కంటిలో ఎప్పుడో ఎగిరిపడిన ఇనుప రజను నొప్పి లేకుండా ఉండిపోవచ్చు. అయస్కాంతం దగ్గర అది కదిలితే చూపే పోవచ్చు. మానేసి ఏళ్లయినా సరే, టెక్నీషియన్‌కు చెప్పండి. అనుమానముంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు.

ఒంటిమీది వస్తువులు ఇంటి దగ్గరే తీయించడం మేలు. ఫోను, తాళాలు, ఏటీఎం కార్డు, చెవి మిషను, కట్టుడు పళ్లు, జడపిన్నులు, మెట్టెలు, మొలతాడుకున్న తాయెత్తు, చీర కుచ్చిళ్లకు గుచ్చిన పిన్నీసు, ఇవన్నీ బయటే ఉండాలి. తాళి తీయడానికి మనసొప్పని తల్లులను తొందరపెట్టకండి. మేలిమి బంగారాన్ని అయస్కాంతం లాగదు గాని, లోహం వేడెక్కుతుంది, నల్లపూసల కొక్కెంలో ఉక్కు ఉండవచ్చు. పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి మెడలో వేస్తే వారి మనసూ కుదుటపడుతుంది. చర్మానికి అంటించిన మందు పట్టీల్లో కొన్నింటి వెనుక సన్నని లోహపు రేకు ఉంటుంది, అది కాలుస్తుంది. డాక్టరును అడిగి తీయించండి. పడుకున్నాక చేతులు పెనవేసుకోవద్దనీ, తొడలు ఒకదానికొకటి తగలకుండా మధ్య మెత్త పెట్టించుకోమనీ చెప్పండి. ఒళ్లు ఒంటికి తగిలిన చోట రేడియో తరంగాల వల్ల కరెంటు చుట్టు తిరిగి బొబ్బలెక్కవచ్చు.

అభ్యాసం: ఇంట్లో పెద్దవారొకరిని తల నుంచి పాదం దాకా ఇదే వరుసలో అడిగి, వారి కాగితాలు ఎక్కడున్నాయో రాసి పెట్టుకోండి. రంగు మందు ఎక్కించే స్కానింగ్‌కు ముందు కిడ్నీ పరీక్ష ఎందుకో వచ్చే పాఠంలో చూద్దాం.