కనుబొమలకు హెన్నా: ఎరుపు, పచ్చదనం రాకుండా

కనుబొమలకు హెన్నా పెట్టించుకోవడానికి నా దగ్గరికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది, "ఎర్రగా రాదు కదా?" అనే. అచ్చమైన గోరింటాకు పొడి పెడితే ఎర్రగానే పండుతుంది. ఆకులో ఉండే లాసోన్ రంగే అది. నల్ల వెంట్రుక మీద పెద్దగా తెలియదు గానీ తెల్ల వెంట్రుక మీదా చర్మం మీదా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

కాబట్టి ముందు ప్యాకెట్ వెనక చదవండి. గోధుమ రంగు వస్తుందని రాశారంటే, గోరింటాకుతో పాటు నీలి ఆకు పొడి (ఇండిగో) గానీ రసాయన రంగు గానీ కలిసి ఉంటుంది. పీపీడీ (నల్ల రంగు కోసం కలిపే రసాయనం) ఉన్న 'బ్లాక్ హెన్నా'ను నేను కంటి దరిదాపులకు రానివ్వను. దానివల్ల బొబ్బలెక్కిన వాళ్లున్నారు. ఏ పొడి అయినా సరే, చెవి వెనక కాస్త రాసి 48 గంటలు ఆగాల్సిందే.

ఇండిగో దగ్గరే చాలామంది తడబడతారు. తెల్ల వెంట్రుక మీద అదొక్కటే పెడితే ఆకుపచ్చగానో నీలంగానో తేలుతుంది. ముందు గోరింటాకు పెట్టి, కడిగి, ఆ తర్వాత ఇండిగో పెట్టాలి. ఇండిగోలో నిమ్మరసం వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. కలిపిన కాసేపటికే వాడేయాలి, ఆలస్యమైతే పట్టు తగ్గిపోతుంది. దువ్వెనలో రాలిన నాలుగు వెంట్రుకల మీద ముందే పెట్టి చూస్తే టెన్షనే ఉండదు.

క్రీము, జిడ్డు ఏ మూల మిగిలినా అక్కడ రంగు పట్టదు, మచ్చలు మచ్చలుగా వస్తుంది. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. చర్మానికి రంగు అంటకుండా వాసెలిన్ కనుబొమ గీత బయటే రాయాలి, వెంట్రుకలకు తగలకూడదు.

సన్న బ్రష్‌తో తోక వైపు మొదలుపెట్టి, ముక్కు దగ్గరి కొనకు ఆఖర్న రాస్తాను. ఆ కొన ముదిరితే ముఖం కోపంగా కనిపిస్తుంది మరి. ఐదు నిమిషాలకోసారి తోక చివర తడి దూదితో చిటికెడంత తుడిచి, కిటికీ వెలుగులో చూస్తాను. పసుపు బల్బు కింద ఎరుపు సరిగ్గా తెలియదు. కావాల్సిన రంగు కంటే ఒక మెట్టు లేతగా ఉన్నప్పుడే తీసేస్తాను, ఎందుకంటే ఒకటి రెండు రోజుల్లో అది ఇంకా ముదురుతుంది.

ఆ రోజంతా తడి తగలనివ్వకండి. మరుసటి రోజు కూడా ఎర్రగా అనిపిస్తే కంగారుపడి మళ్లీ పెట్టకండి. రెండు రోజులాగి, అప్పటికీ ఎరుపు ఉంటే పైన ఇండిగో కొద్ది నిమిషాలు పెడితే చాలు. మరీ నల్లబడితే నూనె రాసి మెల్లగా తుడవండి. చర్మం మీది రంగు త్వరగానే వదులుతుంది, వెంట్రుకకు పట్టింది మాత్రం వారాలు పడుతుంది. బ్లీచ్ జోలికి మాత్రం పోవద్దు, అది కంట్లో పడితే ప్రమాదం.